వెడల్పాటి రోడ్డు ఉన్నా వీధిలో మనుషులు ఎందుకు కనపడరు?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీరు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ)లో చాలా ఏళ్లు ఉండి, ఈమధ్యే నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీకి మారారు. కొత్త చోట రోడ్డు విశాలం. డివైడర్ మీద పూలమొక్కలు, ఎల్‌ఈడీ దీపాలు, టైల్స్ వేసిన ఫుట్‌పాత్, అన్నీ ఉన్నాయి. అయినా పొద్దుగూకితే రోడ్డు మీద నడిచే మనిషి కనపడడు. కేపీహెచ్‌బీలో కాలు మోపే చోటు లేకపోయినా రాత్రి పదకొండింటికి కూడా సందడే. ఇప్పుడు మీ అసోసియేషన్ కార్పస్ ఫండ్‌లోంచి, అంటే అందరూ కట్టిన ఉమ్మడి నిధిలోంచి, కొంత తీసి గేటు ముందు రోడ్డుకి "బ్యూటిఫికేషన్" చేయిద్దామంటోంది: ఫౌంటెన్, రంగు దీపాలు, డివైడర్ మీద పామ్ చెట్లు. దీనితో వీధికి కళ వస్తుందా అని అడిగారు.

రాదండి. ఫొటోలు బాగా వస్తాయి, అంతవరకే.

పట్టణ ప్రణాళిక పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని. లేఅవుట్ ఫైళ్లు, బిల్డింగ్ డ్రాయింగులు చూడ్డమే కాక, నోట్‌బుక్ పట్టుకుని వీధి పక్కన నిలబడి వచ్చేపోయే మనుషుల్ని లెక్కపెట్టే పని కూడా చేశాను. అందుకే ఇంత ధీమాగా చెబుతున్నాను. వీధి బతికేదీ చచ్చేదీ రోడ్డు మధ్యలో కాదు, రోడ్డుకీ కట్టడానికీ మధ్య ఉండే అంచు దగ్గర. ఆ అంచున తలుపులున్నాయా, గోడ ఉందా అన్నదే మొదట చూడాలి. డివైడర్ మీది మొక్కల వంతు ఎక్కడో చివర్న వస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం ఒక పని చేయండి. కేపీహెచ్‌బీలో మీ పాత సందు దగ్గరికి వెళ్లి వంద మీటర్లు నడుస్తూ రోడ్డు వైపు తెరుచుకునే తలుపుల్ని లెక్కపెట్టండి. కర్రీ పాయింట్, మొబైల్ రిపేరు, బ్లౌజులు కుట్టే టైలరు, జిరాక్సు, లేడీస్ హాస్టల్ గేటు, మందుల షాపు, ఇస్త్రీ బండి, చిన్న టిఫిన్ సెంటరు, మళ్లీ ఇంకో హాస్టల్. ఒక్క వైపే పదిహేను, ఇరవై దాకా తేలతాయి. కోపెన్‌హాగెన్ ఆర్కిటెక్టు యాన్ గెల్ దశాబ్దాల పాటు ఎన్నో నగరాల్లో వీధుల్ని పరిశీలించి, నడిచేవాడికి విసుగు రాకుండా ఉండాలంటే వంద మీటర్లకి పదిహేను నుంచి ఇరవై తలుపులు ఉండాలని చెప్పాడు. మనిషి గంటకి దాదాపు 5 కిలోమీటర్లు నడుస్తాడు. వంద మీటర్లకి నిమిషం పైన పన్నెండు సెకన్లు పడుతుంది. పదిహేను తలుపులుంటే ప్రతి ఐదు సెకన్లకి కంటికి కొత్తది ఏదో ఒకటి తగులుతుంది. ఆ లెక్క మనసులో పెట్టుకుని మీ కొత్త రోడ్డు మీద వంద మీటర్లు నడవండి. ఒక గోడ, దాని మీద ముళ్ల కంచె, "విజిటర్స్ ఎంట్రీ" అని బోర్డు, గోడ మళ్లీ మొదలు.

వంద మీటర్లతో అయిపోతే సర్దుకోవచ్చు. అటువైపు ఒక్కో కమ్యూనిటీ గోడ, ఒక్కో క్యాంపస్ గోడ మూడు నాలుగు వందల మీటర్లు సాగుతుంది. అంతసేపు మిమ్మల్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 1961లో జేన్ జేకబ్స్ అనే అమెరికన్ రచయిత్రి ఈ సంగతే పట్టుకుంది. వీధికి భద్రత పోలీసుల కంటే ముందు అక్కడ పని మీద ఉన్నవాళ్ల కళ్ల వల్ల వస్తుందని ఆమె వాదన. ఈ విషయం మన ఆడపిల్లలకి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. సెకండ్ షిఫ్ట్ దిగి హాస్టల్‌కి నడిచి వెళ్లే అమ్మాయి మందుల షాపు తెరిచి ఉన్న వీధి నుంచి వెళ్తుందా, సీసీ కెమెరాలున్న గోడ పక్క నుంచి వెళ్తుందా? కెమెరా జరిగినదాన్ని రికార్డు చేసి ఉంచుతుంది, అంతే. మందుల షాపతను జరగబోతున్నప్పుడు తలెత్తి చూస్తాడు, అవసరమైతే "ఏమ్మా, ఏమైంది?" అని అడుగుతాడు.

ఇదేమీ మనకి బయటినుంచి వచ్చిన జ్ఞానం కాదు. కోస్తాలో పాత అగ్రహారం వీధుల్ని గుర్తు చేసుకోండి. ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, ముందు అరుగు, అరుగు వెనక వసారా, ఆ తర్వాత గడప. వీధికీ ఇంటికీ మధ్య మూడు మెట్ల చుట్టరికం అది. దారిన పోయేవాడు అరుగు మీద కూర్చోవచ్చు, వసారా దాకా రావాలంటే పలకరింపు కావాలి, గడప దాటాలంటే పిలుపు కావాలి. ఎవరూ రాసిపెట్టకపోయినా అందరికీ తెలిసిన హద్దులు. ఇప్పటి అపార్టుమెంటులో ఆ మూడూ పోయి సెక్యూరిటీ రిజిస్టరు ఒక్కటే మిగిలింది.

పాతదంతా తనంతట తానే అలా పెరిగిందనీ, ప్లానింగ్ వల్లే చెడిందనీ కూడా అనుకోకండి. పత్తర్‌గట్టి చూశారు కదా, చార్మినార్‌కి వెళ్లే దారిలో రాతి కమానుల వరస. అది పక్కా సర్కారీ ప్లానింగు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. కింద దుకాణాలు, పైన నివాసాలు, దుకాణాల ముందు కమానుల కింద నీడలో నడిచే దారి. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ బేరాలు సాగుతాయంటే ఆ నీడే కారణం. అదే బోర్డు కాలపు ఆలోచనకి కొనసాగింపుగా 1935లో మొజంజాహీ మార్కెట్ వచ్చింది. దాని దుకాణాలు రోడ్డు వైపు తిరిగే ఉంటాయి. 2020లో బాగు చేసి మళ్లీ తెరిచినప్పుడు జనం వెంటనే వచ్చి ఐస్‌క్రీం తింటూ కూర్చోగలిగారు. ఆ కట్టడానికి వీధితో మాట్లాడే నోరు మొదటినుంచీ ఉంది మరి.

అయితే ఇప్పుడు అలా ఎందుకు కట్టం? బిల్డర్ దురాశ అని చాలామంది అంటారు. కొంత నిజం ఉందేమో గానీ, అసలు సంగతి మన రూల్స్‌లో ఉంది. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు, అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క పోయింది. దాని బదులు ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నది ముందున్న రోడ్డు వెడల్పు మీద, చుట్టూ వదిలే ఖాళీ మీద ఆధారపడేలా పెట్టారు. 2012 నాటి జీవో 168లో 18 మీటర్ల ఎత్తుకి పైన చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలి, ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఫైరింజన్ చుట్టూ తిరగాలి కాబట్టి ఆ రూలు సబబే, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఫలితం చూడండి. పెద్ద ఎత్తుకి పెద్ద స్థలం కావాలి, పెద్ద స్థలానికి వెడల్పు రోడ్డు కావాలి. టవరు స్థలం నడిమధ్యన నిలబడుతుంది, చుట్టూ డ్రైవ్‌వే, దాని చుట్టూ కాంపౌండ్ వాల్, ఆ గోడ బయట ఫుట్‌పాత్. ఒక్కో రూలు విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిస్తే మీ గేటు ముందు రోడ్డు తయారైంది.

చిన్న కాలనీల్లో ఇదే కథ స్టిల్ట్ రూపంలో, అంటే భవనం కింద స్తంభాల మధ్య వదిలే పార్కింగు రూపంలో నడుస్తోంది. ఒకప్పుడు వరండాలో పేపరు చదువుకునే పెద్దాయన, ముగ్గు వేసే ఇల్లాలు, మెట్ల మీద పిల్లలు ఉండే ఇంటిని పడగొట్టి స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు వేస్తారు. ఒక కుటుంబం ఉన్న చోటికి పది కుటుంబాలు వస్తాయి. వీధి మట్టం మీద మాత్రం కార్లు, మోటారు రూము, వాచ్‌మన్ మంచం. జనం పెరిగారు, వీధి మీది కళ్లు తగ్గాయి. "జనసాంద్రత పెరిగితే సందడి అదే వస్తుంది" అనేవాళ్లకి నేను ఈ వీధులే చూపిస్తాను. మీ కమ్యూనిటీలో ఉన్న కుటుంబాల సంఖ్య బహుశా మీ పాత సందులో ఉన్నవాటికంటే ఎక్కువే ఉంటుంది, లెక్కేసి చూడండి. వాళ్లందరూ బేస్‌మెంట్‌లో కారెక్కి ఆఫీసు బేస్‌మెంట్‌లో దిగుతారు. వీధికి వాళ్లు ఉన్నట్టే తెలియదు.

తలుపుల తర్వాత చూడాల్సింది మలుపులు. అంటే ఎంత దూరానికి ఒక అడ్డవీధి వస్తుంది అన్నది. కేపీహెచ్‌బీ హౌసింగ్ బోర్డు వేసిన లేఅవుట్, ఎల్‌ఐజీ, ఎంఐజీ (తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం వాళ్లకి) అంటూ చిన్న చిన్న ఇళ్లు, కొద్ది అడుగులకో సందు. మీరు మార్కెట్‌కి రోజుకో దారిలో వెళ్లొచ్చు. దారులు ఎన్ని ఉంటే మూలలు అన్ని, మూలలు ఎన్ని ఉంటే టీ కొట్లు, పాన్ డబ్బాలు అన్ని. మూల కొట్టుకి అద్దె ఎక్కువ ఎందుకో ఏ వ్యాపారినైనా అడగండి, రెండు వీధుల జనం అతని ముందు నుంచే పోతారు. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం బ్లాకులు 200 అడుగులవి. బార్సిలోనాలో 1859లో సెర్దా అనే ఇంజినీరు వేసిన బ్లాకులు ఒక్కోటీ 113 మీటర్లు, పైగా నాలుగు మూలలూ కోసేసి ప్రతి కూడలినీ చిన్న మైదానంలా చేశాడు. ఆ మూలల్లో ఇప్పటికీ కాఫీ షాపుల బల్లలు ఉంటాయి. చండీగఢ్ దీనికి విరుద్ధం. సెక్టారు 800 మీటర్లు బై 1200 మీటర్లు. సెక్టార్ల మధ్య పెద్ద రోడ్ల వైపు ఏ ఇల్లూ తెరుచుకోదు. నడిచి చూసినవాళ్లకి తెలుస్తుంది, చెట్లున్నా ఆ రోడ్లు ఎంత ఒంటరిగా ఉంటాయో. కాకపోతే అక్కడ సెక్టారు లోపల నుంచి ఒక బజారు వీధి పోతుంది కాబట్టి లోపల బతుకుంది. మన పడమటి హైదరాబాద్‌లో మాత్రం చండీగఢ్ సైజు బ్లాకులు తీసుకుని లోపలి బజారు వీధిని వదిలేశాం. గేటు వెనక క్లబ్‌హౌస్ పెట్టి సరిపెట్టుకున్నాం.

మీరు ప్రశ్నలో రాసిన వాక్యం ఒకటి నాకు బాగా నచ్చింది: బాల్కనీలోంచి కనిపించే సూపర్‌మార్కెట్‌కి వెళ్లాలంటే గేటు దాకా నడిచి, అక్కడినుంచి యూటర్న్ దాకా పోయి రావాలి, అందుకే పాల ప్యాకెట్‌కి కూడా యాప్‌లో ఆర్డరు పెడతాం అని. బద్ధకమని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు గానీ, ఆ దారి గీసినవాడి పని అది.

ఇక వేళలు. మీ పక్కనే ఆఫీసులతో నిండిన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అందరూ ఒకే గంటలో వస్తారు, ఒకే గంటలో పోతారు. ఆ రెండు గంటలూ ట్రాఫిక్ జామ్, మిగతా అంతా ఖాళీ. అంత తక్కువ సేపు కనిపించే జనం మీద ఆధారపడి ఏ హోటలూ నిలబడలేదు, నిలబడాలంటే ప్లేటు ధర మూడింతలు పెట్టాలి. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర చూడండి. పొద్దున ఏడింటికి కంప్యూటర్ కోర్సుల బ్యాచ్‌లు, తర్వాత ఆఫీసులకి పోయేవాళ్లు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం బట్టల షాపింగు, రాత్రి హాస్టల్ పిల్లల దోసెలు. ఒకే ఫుట్‌పాత్‌ని ఐదు రకాల జనం వంతులవారీగా వాడుకుంటారు, అందుకే అక్కడ ఇడ్లీ బండికి కూడా గిట్టుబాటు అవుతుంది. ఆబిడ్స్ ఇంకా గమ్మత్తు. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి, ఆ మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకరి సెలవు ఇంకొకరి వ్యాపారం. దీన్ని ఏ ప్లానరూ గీయలేదు. కానీ షట్టరు ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఉండబట్టే సాధ్యమైంది. షాపు ముందు నలభై అడుగుల పార్కింగు, దాని ముందు గ్రిల్లు ఉంటే పుస్తకాలు ఎక్కడ పరుస్తారు?

అమీర్‌పేట గురించి ఇంకో మాట. ఆ కోచింగు సెంటర్లు చాలావరకు పాత అపార్టుమెంట్లలో, ఇరుకు మెట్ల పైన పుట్టాయి, ఎందుకంటే అద్దె తక్కువ. జేకబ్స్ అప్పుడే చెప్పింది, కొత్త వ్యాపారాలకి పాత భవనాలు కావాలని. మీవైపు ఉన్నవన్నీ ఒకే పదేళ్లలో లేచిన గాజు మేడలు. ఆ అద్దెకి జిరాక్సు షాపువాడు, చెప్పులు కుట్టేవాడు, సైకిలు పంక్చర్‌వాడు రాలేరు. బ్రాండెడ్ కాఫీ ఒక్కటే రాగలదు. కాలం గడిస్తే కొంత మారుతుంది, కానీ దానికి తొందరపెట్టే మార్గం లేదు. తొందరపెట్టగలిగేది బండ్లవాళ్లతోనే.

గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ గేటు ఎదుట తిండి వీధి ఎలా పుట్టిందో ఆలోచించండి. అద్దాల మేడల్లో వేలమంది ఉద్యోగులు, నైట్ షిఫ్టులు, చుట్టూ వంద రూపాయల లోపు తిండి దొరికే చోటు ప్లానులో ఎక్కడా లేదు. బండ్లు వచ్చాయి. మ్యాగీ, దోసె, ఫ్రైడ్ రైస్, అర్ధరాత్రి దాకా జనం. ఆ ప్రాంతంలో నిజంగా "వీధి" అనిపించే కొద్ది చోట్లలో అదొకటి, అదీ ఎవరూ డిజైన్ చేయనిది. ట్రాఫిక్‌కి అడ్డమని తీసేయడం, మళ్లీ రావడం, మళ్లీ తీసేయడం మామూలైపోయింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ఈ దాగుడుమూతలు ఆపడానికే వచ్చింది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, జనాభాలో 2.5 శాతం వరకు వ్యాపారులకి చోటు చూపాలి. అంటే రోడ్డు గీసేటప్పుడే బండికి చోటు గీయాలన్నమాట. నేను చూసిన రోడ్డు డ్రాయింగుల్లో లైటు స్తంభానికి, మ్యాన్‌హోలుకి, ప్రకటనల బోర్డుకి కూడా చోటు ఉండేది, బండికి మాత్రం ఉండేది కాదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో పెద్ద షాపులవాళ్లు తోపుడు బండ్ల మీద ఎప్పుడూ విసుక్కుంటూనే ఉంటారు, కానీ ఆ వీధికి జనం వచ్చేది రెండూ ఒకేచోట దొరుకుతాయని.

వేగం సంగతి కూడా చెప్పాలి. రోడ్డు లేన్ వెడల్పు పెంచితే బోర్డు మీద ఏ పరిమితి రాసినా డ్రైవరు కాలు యాక్సిలరేటర్‌ని దానంతటదే నొక్కుతుంది. కేపీహెచ్‌బీ సందులో ఎవరూ ముప్పై దాటలేరు, స్కూటీ, ఆటో, ఆవు, కొబ్బరిబొండాల బండి దాటనివ్వవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసరు 1970 ప్రాంతంలో మూడు వీధుల్ని పోల్చాడు. ఇళ్లు, మనుషులు దాదాపు ఒకే తరహా, తేడా అల్లా రోజూ వెళ్లే వాహనాల్లోనే. రోజుకి 2,000 వాహనాలు వెళ్లే వీధిలో ఒక్కొక్కరికి సగటున అదే వీధిలో ముగ్గురు స్నేహితులు ఉన్నారు. 16,000 వెళ్లే వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. ఎదురింటివాడు అక్కడ వేరే ఊరివాడితో సమానం. మీ రోడ్డు మధ్య డివైడరు, దాని మీద రెయిలింగు, దాటడానికి ఎక్కడో ఫుట్ ఓవర్ బ్రిడ్జి. ఎదురుగా మంచి టీ స్టాలు ఉన్నా మీకు లేనట్టే. ఓవర్ బ్రిడ్జీలు, స్కైవాక్‌లు మెట్రో స్టేషన్ దగ్గర, ఉప్పల్ లాంటి పెద్ద కూడలి దగ్గర అర్థముంది గానీ, ప్రతిచోటా నడిచేవాణ్నే పైకెక్కించడం అంటే నేల కార్లకి రాసిచ్చినట్టే. సియోల్‌లో ఊరి మధ్యలో ఉన్న ఎత్తైన ఎక్స్‌ప్రెస్‌వేని కూల్చి, దాని కింద కప్పేసిన చియోంగ్గైచియోన్ వాగుని 2005లో తిరిగి తెరిచారు, 5.8 కిలోమీటర్ల పొడవు. ఇప్పుడు అక్కడ మధ్యాహ్నం ఉద్యోగులు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. మనం ఫ్లైఓవర్లు ప్రారంభించుకుంటూ ఉన్నాం. సరే, అది వేరే చర్చ.

కేపీహెచ్‌బీని నేను మరీ ఆకాశానికెత్తేస్తున్నానని అనుకుంటారేమో. అక్కడ ఫుట్‌పాత్ అనేదే సరిగ్గా లేదు, కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లు సాయంత్రం బయటికి రావడానికి భయపడతారు, డ్రైనేజీ పొంగితే ఆ తలుపులన్నీ మూసుకోవాల్సిందే, మంటలు లేస్తే ఫైరింజన్ కొన్ని సందుల్లోకి దూరదు. సందడి వేరు, కిక్కిరిసిపోవడం వేరు. ఇరుకుగా ఉంటే చాలు వీధి బతుకుతుందని చెప్పేవాడు చక్రాల కుర్చీలో ఒక్క పూట అక్కడ తిరిగి రావాలి. అక్కడ కావాల్సింది ఫుట్‌పాత్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు, బజారులో ఇంకా ఎక్కువ, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మనవాళ్లు బైకులు ఎక్కకూడదని మోకాలెత్తు కడతారు. బైకులు ఎలాగూ ఎక్కుతాయి, ముసలమ్మే ఎక్కలేదు.

అలా ముందే తలుపులున్న వీధికి మంచి ఫుట్‌పాత్ ఇస్తే ఏమవుతుందో చూడాలంటే చెన్నై టీ నగర్ వెళ్లండి. పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేసి, కూర్చునే చోట్లు పెట్టారు. పిల్లల్ని ఆడుకోమని వదిలి అమ్మానాన్నలు బెంచీ మీద కూర్చోవడం అక్కడ ఇప్పుడు మామూలు దృశ్యం. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ కూడా అంతే. కోపెన్‌హాగెన్‌లో స్ట్రాయె వీధికి 1962లో కార్లు ఆపేస్తే వ్యాపారం పోతుందని దుకాణదారులు గగ్గోలు పెట్టారు. వ్యాపారం పెరిగింది. కానీ వీటన్నిటిలోనూ వీధి అంచు ముందే బతికి ఉంది. అదే పని మీ గోడ ముందు చేస్తే కార్లు లేని ఖాళీ రోడ్డు మిగులుతుంది. ఈ పొరపాటు న్యూయార్క్ పెద్ద ఎత్తున చేసింది. 1961లో కొత్త జోనింగ్ రూలు పెట్టి, భవనం ముందు జనానికి ప్లాజా వదిలితే అదనపు అంతస్తులు ఇస్తామన్నారు. బిల్డర్లు గ్రానైటు పరిచి వదిలారు, చాలావాటిలో పావురాలు తప్ప ఎవరూ రాలేదు. విలియం వైట్ అనే ఆయన కెమెరాలు పెట్టి గంటలకొద్దీ చిత్రీకరించి తేల్చింది చాలా మామూలు సంగతి: కూర్చునే చోటు ఉన్నచోట జనం కూర్చుంటారు, జనం ఉన్నచోటికి ఇంకా జనం వస్తారు. 1975లో రూలు మార్చి ప్లాజాకి ఇంత పొడవు కూర్చునే చోటు తప్పనిసరి చేశారు. మీ ఫౌంటెన్ ప్లానులో బెంచీలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

ఇప్పుడు మీ డబ్బు సంగతి. డివైడర్ మీద రూపాయి కూడా పెట్టకండి. అక్కడి చెట్ల నీడ కార్ల మీద పడుతుంది, పామ్ చెట్టుకైతే ఆ నీడ కూడా లేదు. గోడకీ ఫుట్‌పాత్‌కీ మధ్య జాగా ఉంటే కానుగ, వేప నాటించండి. నాలుగైదేళ్లలో మధ్యాహ్నం నడవగలిగే నీడ వస్తుంది.

గోడ విషయంలో అసోసియేషన్‌కి ఉన్న వీలు తక్కువే, కానీ బొత్తిగా లేకపోలేదు. చుట్టూ వదిలిన ఖాళీ ఫైరింజన్ దారి, అందులో షాపులు కట్టడం కుదరదు, కట్టకూడదు కూడా. అయితే గట్టి గోడ బదులు కొంత మేర గ్రిల్ పెట్టొచ్చు, లోపలి దీపం, లోపలి మనుషులు బయటికి కనపడతారు. మీ క్లబ్‌హౌస్ బ్లాకు రోడ్డు వైపే ఉందని రాశారు కాబట్టి, అందులోని కిరాణా, సెలూను, మందుల షాపులకి బయటివైపు కూడా ఒక తలుపు పెట్టొచ్చేమో మీ ఆర్కిటెక్టుతో, టౌన్ ప్లానింగ్ విభాగంతో మాట్లాడండి. సవరించిన ప్లాను అడుగుతారు. మూడు షాపులు బయటికి తిరిగితే ఆ వంద మీటర్ల స్వభావమే మారిపోతుంది. షాపులవాళ్లు కూడా అడ్డు చెప్పరు, లోపలి బేరంతో పాటు బయటి బేరం కలుస్తుంది.

గోడ పొడవునా బయటివైపు ఒకటిన్నర అడుగు ఎత్తున, అంతే వెడల్పున రాతి అరుగు కట్టించే ఆలోచన చేయండి. ఫౌంటెన్ ఖర్చులో కొంతే అవుతుంది. స్థలం మీ హద్దులోదే అయితే గోడని ఆ మేరకు లోపలికి జరిపి కట్టాలి, ఫుట్‌పాత్ మీదికి రాకూడదు. లోపల ఫైరింజన్ దారి వెడల్పు తగ్గని చోటే జరపాలి. డెలివరీ కుర్రాళ్లు, పనిమనుషులు, బస్సు కోసం చూసేవాళ్లు కూర్చుంటారు. "బయటివాళ్లు వచ్చి కూర్చుంటారు" అని మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. అవును, దానికోసమే. మీ ఇళ్లలో పొద్దున వంట చేసేవాళ్లే సాయంత్రం అక్కడ కూర్చునేది. దీపాలు కూడా అరుగు మీద పడేలా పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తున ఉండాలి. ముప్పై అడుగుల స్తంభం మీది దీపం రోడ్డుని వెలిగిస్తుంది, ఫుట్‌పాత్‌ని చెట్టు నీడలో వదిలేస్తుంది.

గేటు దగ్గర సాయంత్రం వచ్చే మిర్చి బండిని, మొక్కజొన్న కంకుల ఆవిణ్ని తీసేయించమని ఫిర్యాదు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. చెత్తబుట్ట, కరెంటు పాయింటు, మంచినీళ్లు ఇస్తే ఆ మూల మీకు ఉచితంగా దొరికిన వీధి. వాళ్ల చోటు వెండింగ్ జోన్‌గా గుర్తించమని కార్పొరేషన్‌కి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద రాస్తే, వ్యాపారులు రాసినదానికంటే తొందరగా కదులుతుంది. అన్యాయమే, కానీ అలాగే జరుగుతుంది. గేటు ఎదుట ఫుట్‌పాత్ ఎత్తులోనే రోడ్డు దాటే జీబ్రా పట్టీ, అంటే టేబుల్‌టాప్ క్రాసింగ్ కావాలని అదే లెటర్‌లో అడగండి.

వీటన్నిటికంటే ముందు, అన్నిటికంటే చవగ్గా చేయగలిగింది పక్క గోడలో మనుషులు మాత్రమే పోయే చిన్న గేటు. మీరు చెప్పిన సూపర్‌మార్కెట్, బస్టాపు రెండూ అటువైపే. యూటర్న్ దాకా పోయే నడక ఐదు నిమిషాలకి తగ్గుతుంది. యాక్సెస్ కార్డు పెట్టండి, మొదట సాయంత్రం 6 నుంచి 10 వరకే తెరవండి, ఆరు నెలల ట్రయల్ అని తీర్మానం రాయండి. "పర్మనెంట్" అనే మాట వస్తే జనరల్ బాడీలో ఓడిపోతుంది. ఒక గార్డు జీతం ఎంతో, ఫౌంటెన్ కొటేషన్ ఎంతో ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి చూపించండి. గేటు పెట్టకముందు ఒక సాయంత్రం ఏడింటికి, తొమ్మిదింటికి అటు నడిచేవాళ్లని లెక్కపెట్టి ఉంచుకోండి, మూడు నెలల తర్వాత మళ్లీ అదే రోజు, అదే వేళ లెక్కపెట్టండి. గోడకి గ్రిల్ సంగతి, షాపుల తలుపుల సంగతి ఆ రెండో లెక్క చేతిలో ఉన్నప్పుడు ఎత్తండి.